ఊపిరి గడి

ఆ ఆసుపత్రి మగవాళ్ళ సర్జికల్ వార్డులో జబ్బు ఏదైనా, వయసు ఎంతైనా, అందరూ నిమిషానికి ఇరవై సార్లే ఊపిరి పీల్చేవారు. కాగితం మీద మాట. ముప్ఫై రెండు మంచాలకు ఇద్దరు నర్సులు. నాడి అయితే పావు నిమిషం పట్టుకుని నాలుగుతో హెచ్చవేసుకోవచ్చు. రక్తపోటు మిషను చెబుతుంది, జ్వరం థర్మామీటరు చెబుతుంది. ఊపిరికి మాత్రం మనిషి పక్కన నిండా ఒక నిమిషం నిలబడి, పొట్ట లేవడం పడడం చూస్తూ లెక్కపెట్టాలి. ముప్ఫై రెండు పొట్టలు చూస్తూ నిలబడే తీరిక ఎవరికుంది? అందుకని రౌండు అయ్యాక బల్ల దగ్గర కూర్చుని, చార్టులన్నీ ముందేసుకుని, ఊపిరి గడిలో ఇరవై, ఇరవై, ఇరవై అని వరసగా దించేసేవారు. మరీ అందరిదీ ఒకటే అయితే ఎబ్బెట్టుగా ఉంటుందని మధ్యలో ఒక పద్దెనిమిది, ఒక ఇరవై రెండు. ఇది తప్పని ఎవరూ అనుకోలేదు. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి వారంలోనే పాతవాళ్ళు నేర్పే పని ఇది. పెద్ద సిస్టర్ ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఎంతమందికి నేర్పిందో ఆమెకే గుర్తు లేదు.

ఆ సోమవారం ఆమె పై అంతస్తులోని హాల్లో చివరి వరుస కుర్చీ చూసుకుని కూర్చుంది. అన్ని వార్డుల నుంచీ పదహారు మంది నర్సులు. ఐదు రోజుల ట్రైనింగు. జబ్బు ఒంట్లో ఏ దారిన నడుస్తుంది, మనిషిని చూసి దాన్ని ముందే ఎలా పసిగట్టాలి అన్నది పాఠం. వచ్చే నెల వార్డు ఇన్‌చార్జి పోస్టు ఖాళీ అవుతోంది, దానికి ఈ సర్టిఫికెట్టు కావాలి. అది నీదేనని మేట్రన్ ముందే చెప్పేసింది. ఇక పాఠం సంగతి పెద్ద సిస్టర్‌కి పెద్దగా పట్టలేదు. ఐదు రోజులు ఫ్యాను కింద మోకాళ్ళకు విశ్రాంతి దొరుకుతుంది, అంతే చాలు అనుకుంది.

పాఠం చెప్పే మేడమ్ పొట్టి మనిషి. ముప్ఫై ఏళ్ళు వార్డుల్లో నిలబడి కాళ్ళు వాచిపోయాక చదువు చెప్పడానికి వచ్చానని ఆమె తనే చెప్పుకుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, అందరి కళ్ళూ మూతలు పడుతున్న వేళ, తెర మీద ఒక చార్టు వేసింది. పేరు, మంచం నంబరు కత్తిరించేశారు. పొట్ట ఆపరేషను అయిన మూడో రోజు కాగితం అని చెప్పింది.

పెద్ద సిస్టర్ నిద్ర ఎగిరిపోయింది. ఆ అంకెలు తనవి. రెండు అంకెకు కింద తోక సాగదీసి పక్క గడిలోకి పోనిచ్చే అలవాటు ఆసుపత్రి మొత్తంలో తన ఒక్కదానికే ఉంది. ఉదయం ఆరుకి ఇరవై, పదికి ఇరవై, పన్నెండుకి ఇరవై. రెండుంపావుకి వేరే చేతిరాతతో ముప్ఫై రెండు. ఆ తర్వాత గడులు గజిబిజిగా ఉన్నాయి. సాయంత్రం ఆరున్నర తర్వాత ఖాళీ.

ఈ మనిషి చావడం ఎప్పుడు మొదలైందో చెప్పండి అని మేడమ్ అడిగింది. రెండుంపావుకి అని హాలంతా ఒక్క గొంతుతో చెప్పింది.

మేడమ్ కర్రతో నాడి వరుస చూపించింది. ఆరుకి ఎనభై ఎనిమిది, పదికి తొంభై ఆరు, పన్నెండుకి నూట ఎనిమిది. లోపల కుట్టు జారింది, చీము పాకుతోంది. చీము పాకితే రక్తంలో పులుపు పెరుగుతుంది, ఆ పులుపును బయటికి ఊదేయడానికి ఊపిరి అన్నిటికంటే ముందు పరుగు అందుకుంటుంది. రక్తపోటు ఆఖరున పడుతుంది. రక్తపోటు పడేదాకా ఆగితే ఇంక మనం చేసేదేమీ ఉండదు. ఇదంతా ఆమె చాలా మామూలుగా, సరుకుల చీటీ చదివినట్టు చెప్పుకుపోయింది.

"గుండె తెల్లవారినప్పటి నుంచీ పరుగెడుతుంటే ఊపిరి మాత్రం ఇరవై దగ్గరే కూర్చుందట," అంది చివరికి. "అమ్మా, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఈ ఇరవై లెక్కపెట్టిందేనా?"

కొందరు చిన్నగా నవ్వారు, తమ ఇంటి గుట్టు తమకు తెలిసిన నవ్వు. మేడమ్ గడియారం చూసుకుని, ప్రతి ఒక్కరూ పక్కవాళ్ళ ఊపిరి నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి అంది. లెక్కలు ఒక్కొక్కటే చెప్పించింది. పదమూడు, పదహారు, పదిహేను, పద్దెనిమిది, పన్నెండు. పదహారు మందిలో ఒక్కరికీ ఇరవై రాలేదు. పెద్ద సిస్టర్‌ని లెక్కపెట్టిన పిల్లల వార్డు నర్సు మాత్రం సందేహంగా ఆమె మొహంలోకి చూసి, ఇరవై ఆరు అంది. ఒంట్లో బాగా లేదా అని చెవిలో అడిగింది కూడా.

ఆ కాగితం ఒక దర్జీది. అతను పోయి నలభై రోజులైంది. మధ్యాహ్నం రెండింటికి పెద్ద సిస్టర్ డ్యూటీ దిగితే, చిన్న సిస్టర్ ఎక్కింది. చేరి ఏడాది కూడా కాని పిల్ల. చార్టు చూసిన ఎవరికైనా కనిపించేది ఒకటే, రెండింటి దాకా బంగారంలా ఉన్న మనిషి ఆ పిల్ల చేతికి రాగానే పోయాడని. ఎంక్వైరీలో డ్యూటీ డాక్టరు తనకు సరిగ్గా చెప్పలేదన్నాడు. పెద్ద సిస్టర్‌ని పిలిచి అడిగారు. నేను అప్పగించేటప్పటికి పేషెంటు బాగానే ఉన్నాడు అని రాసి సంతకం పెట్టింది. అబద్ధం చెబుతున్నానని ఆమె ఆ రోజు అనుకోలేదు. చార్టులో ఉన్నదే కదా చెప్పింది. చిన్న సిస్టర్‌ని వార్డు నుంచి తీసేసి బట్టల స్టోరులో కూర్చోబెట్టారు. ఈ శుక్రవారం కమిటీ కూర్చుంటుంది, ఉద్యోగం ఉంచేదీ ఊడబీకేదీ తేల్చేస్తుంది. ఊడబీకుతుందని అందరికీ తెలుసు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్తగారు ముందుగదిలో మంచం మీద వెల్లకిలా నిద్రపోతోంది. పెద్ద సిస్టర్ సంచి కూడా దించకుండా పక్కన నిలబడి, చేతి గడియారం చూస్తూ ముసలావిడ పొట్ట లేవడం లెక్కపెట్టసాగింది. పద్దెనిమిది దాకా వచ్చేసరికి ముసలావిడ కళ్ళు తెరిచింది.

"పోలేదులే," అంది. "వెళ్ళి స్టవ్వు వెలిగించు."

భర్త సిటీ బస్సు డ్రైవరు. మొదటి షిఫ్టు అయిపోయి, కాళ్ళు బల్ల మీద చాపుకుని ఉన్నాడు. ఆమె కూరగాయలు తరుగుతూ సంగతంతా చెప్పింది. అతను చెడ్డవాడు కాడు. సాంతం విన్నాడు. విని, నువ్వొక్కదానివే రాశావా, ఊళ్ళో ఉన్న నర్సులంతా రాసేదే కదా అన్నాడు. డిపోలో బ్రేకులు చూడకుండానే చూశానని సంతకం పెట్టే మెకానిక్కులు ఎంతమంది లేరు, ఎప్పుడో ఒకసారి ఎవడి నెత్తినో పడుతుంది, ఆ రోజు ఎవడి చేతిలో స్టీరింగు ఉంటే వాడిది ఖర్మ అన్నాడు. ఆ పిల్లకి ఇంకా చిన్నవయసు, ఇంకోచోట చూసుకుంటుంది, నీకు ఈ వయసులో ఈ అప్రదిష్ట ఎందుకు అన్నాడు.

ఆమె అడ్డం చెప్పలేదు. నిజం చెప్పాలంటే అతను అలా అంటాడనే చెప్పింది. ఎవరో ఒకరు ఆ మాట అంటే మనసు కుదుటపడుతుందనుకుంది. పడలేదు. తరిగిన వంకాయ ముక్కలు నీళ్ళలో వెయ్యడం మరిచిపోయింది, అన్నీ నల్లబడిపోయాయి.

బుధవారం భోజనం వేళ ఆమె కాళ్ళు వాటంతటవే బట్టల స్టోరుకేసి తీసుకుపోయాయి. నేలమాళిగలో చివరి గది. కిటికీ లేదు, రెండు ట్యూబులైట్లు, ఉతికిన బట్టల ఆవిరి వాసన. చిన్న సిస్టర్ దుప్పటి మూల పళ్ళతో పట్టుకుని ఒక్కతే మడతపెడుతోంది. పెద్ద సిస్టర్‌ని చూసి నోట్లోంచి మూల వదిలేసి, రండక్కా అంది. పెద్ద సిస్టర్ రెండో కొస అందుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి దుప్పట్లు మడతపెట్టడం మొదలుపెట్టారు. లాగడం, విదిలించడం, దగ్గరకు రావడం, కొసలు కలపడం, మళ్ళీ వెనక్కి జరగడం. ఇరవై దుప్పట్లయ్యేదాకా ట్రైనింగు ఎలా ఉంది, మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది, ఇవే మాటలు.

కొసలు కలపడానికి దగ్గరకు వచ్చిన ప్రతిసారీ ఇప్పుడు చెబుదామనుకుంది, వెనక్కి జరిగేసరికి వచ్చేసారి చూద్దామనుకుంది. ఆఖరికి చెప్పలేక, అడిగింది. ఆ రోజు దర్జీకి ఊపిరి ఎందుకు లెక్కపెట్టావు, నేను నీకు అలా నేర్పలేదు కదా అని.

చిన్న సిస్టర్ చేతిలోని దుప్పటి అంచు సరిచేసింది.

"నా యూనిఫాం అంచు కుట్టు ఊడితే ప్లాస్టరు అంటించుకున్నానక్కా, అది చూశాడు. విప్పి కుట్టించుకో తల్లీ, అంటించుకుంటే నిలవదు అన్నాడు. ఆ ఒక్క ముక్క చెప్పడానికి మూడుసార్లు ఆగాడు. అందుకని నిలబడి లెక్కపెట్టాను. ముప్ఫై రెండు వచ్చింది. డాక్టర్‌కి ఫోన్ చేశాను. పన్నెండింటికి ఇరవై ఉంటే రెండింటికి ముప్ఫై రెండు ఎలా అవుతుంది, నీకు లెక్క రాదు, మళ్ళీ చూడు అన్నాడు. మళ్ళీ చూశాను. మళ్ళీ చేశాను."

ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల పెద్ద సిస్టర్ మొహంలోకి చూడలేదు. దుప్పటి కొసలకేసే చూసింది. తన ఇరవై అబద్ధం కావడంతో ఆగలేదు, ఈ పిల్ల లెక్కపెట్టిన నిజాన్ని కూడా అబద్ధం చేసింది. దర్జీకి మిగిలిన నాలుగు గంటలూ ఆ ఇరవయ్యే తినేసింది. అంతా తెలిసి కూడా ఆమె, మధ్యాహ్నం క్లాసుకి ఆలస్యమవుతుందని చెప్పి, మెట్లెక్కి వచ్చేసింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

గురువారం పరీక్ష. ఒక్కొక్కరికీ వార్డులో ఒక రోగిని ఇస్తారు. చార్టు చూడకుండా ముందు మనిషిని చూడాలి, తర్వాత చార్టు తెరిచి పోల్చాలి. పెద్ద సిస్టర్‌కి తన వార్డులోనే పన్నెండో మంచం వచ్చింది. బడిలో గుమాస్తాగా పనిచేసే మనిషి, పేగు ఆపరేషనై మూడు రోజులు. మేడమ్ మార్కుల కాగితం అట్టకు తగిలించుకుని మంచం కాళ్ళ దగ్గర నిలబడింది. మేట్రన్ కూడా చూడ్డానికి వచ్చి తలుపు దగ్గర ఆగింది, తన మనిషి ఎలా చేస్తుందో చూద్దామని కాబోలు. మధ్యాహ్నం పన్నెండున్నర.

పెద్ద సిస్టర్ గుమాస్తాని ఎలా ఉన్నారని అడిగింది. బాగానే ఉన్నాను, కొంచెం నీరసం అన్నాడు. ఆ రెండు మాటల మధ్య నోరు తెరిచి గాలి తీసుకున్నాడు. ఆమె చెయ్యి పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి, మణికట్టు పైన వెచ్చగా ఉంది. గోరు నొక్కి వదిలితే ఎరుపు తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. దుప్పటి కిందికి జరిపి, నాడి చూస్తున్నట్టే చెయ్యి పట్టుకుని, కళ్ళు మాత్రం పొట్ట మీద నిలిపింది. లెక్కపెడుతున్నామని తెలిస్తే మనిషి ఊపిరి మార్చేసుకుంటాడని మేడమ్ చెప్పింది. మెడ దగ్గర కండరాలు ఒక్కొక్క ఊపిరికీ బిగుసుకుని వదులుతున్నాయి. ఒక నిమిషం ఎంత పొడుగ్గా ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది. ముప్ఫై వచ్చింది. నమ్మకం కుదరక ఇంకో నిమిషం నిలబడింది. ముప్ఫై ఒకటి.

చార్టు తెరిచింది. ఆరుకి ఇరవై. పదికి ఇరవై. రాసింది తను నేర్పిన ఇంకో పిల్లే. పన్నెండు గడి ఇంకా నింపలేదు. రక్తపోటు నిక్షేపంలా ఉంది.

పరీక్ష ప్రకారం ఇప్పుడు మేడమ్‌కి తిరిగి చెప్పాలి. ఆమె మేడమ్‌కేసి చూడకుండా బల్ల దగ్గరకు నడిచి ఫోన్ ఎత్తింది. డ్యూటీలో ఉన్నది దర్జీ పోయిన రోజు ఉన్న డాక్టరే. పన్నెండో మంచానికి ముప్ఫై ఒకటి ఉంది, రావాలి అని చెప్పింది.

"పదిన్నరకి రౌండ్సులో నేనే చూశాను సిస్టర్. పదికి ఇరవై ఉంది. రెండు గంటల్లో ముప్ఫై ఒకటి ఎలా అవుతుంది? ఇంకోసారి లెక్కపెట్టి చెయ్యండి."

అవే మాటలు. అతన్ని కూడా తప్పు పట్టడానికి లేదు, అతను కాగితాన్ని నమ్మాడు. కాగితాన్ని నమ్మకపోతే ఆసుపత్రి ఎలా నడుస్తుంది? ఆమె రిసీవరు చెవికి ఆనించుకుని నిలబడింది. పెట్టెయ్యొచ్చు. ఇంకోసారి లెక్కపెట్టి ఇంకోసారి చెయ్యొచ్చు, చిన్న సిస్టర్ చేసినట్టే. తలుపు దగ్గర మేట్రన్ ఆమెకేసి చూస్తోంది. బల్ల దగ్గరున్న డ్యూటీ నర్సు కలం ఎత్తిపట్టుకుని ఆగిపోయింది.

"ఆ ఇరవై ఎవరూ లెక్కపెట్టింది కాదు డాక్టర్," అంది పెద్ద సిస్టర్. "బల్ల దగ్గర కూర్చుని రాసింది. అన్ని మంచాలకూ అలాగే రాస్తాం. దర్జీకి కూడా నేను అలాగే రాశాను. ఆ రోజు పొద్దుటి నుంచీ ఒక్కసారి కూడా అతని ఊపిరి నేను చూడలేదు. ఆ పిల్ల మీకు చెప్పిన ముప్ఫై రెండే నిజం. ఇప్పుడు ఈ ముప్ఫై ఒకటి కూడా నిజం. మీరు రండి."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు. నాలుగు నిమిషాల్లో డాక్టరు మెట్లెక్కి వచ్చాడు, గుమాస్తా పొట్ట నొక్కి చూశాడు, చూసి మొహం మారిపోయింది. ఒంటిగంట పదికి గుమాస్తాని ట్రాలీ మీద థియేటరుకి తీసుకుపోయారు. అతని భార్య ట్రాలీ పక్కనే నడుస్తూ, ఏమైంది, పొద్దున బాగానే ఉన్నాడు కదా అని అందరినీ అడుగుతోంది.

మేట్రన్ తన గదిలోకి పిలిచి తలుపు వేసింది. తిట్టలేదు, అలిసిపోయినట్టు కూర్చుంది. నేను వార్డులో ఉన్నప్పుడు మేమూ ఇరవయ్యే రాశాం, నీకు నేర్పింది నేనే అంది. అయినా అది ఫోన్‌లో, పదిమంది వింటుంటే అనాల్సిన మాటా అంది. తర్వాత తెల్లకాగితం ముందుకు తోసింది. పెద్ద సిస్టర్ రాసింది. మొదటిసారి రాసిన దానికంటే ఇది పెద్దది, ఒకటిన్నర పేజీ వచ్చింది. కింద సంతకం పెట్టింది. తేలికపడతాననుకుంది గానీ అదేమీ లేదు, జ్వరం వచ్చేముందు ఉన్నట్టుంది ఒళ్ళంతా.

శుక్రవారం కమిటీ కూర్చుంది. శనివారం మూడు కాగితాలు వచ్చాయి. మొదటిది, ఇకపై నర్సులందరూ ఊపిరి గడి జాగ్రత్తగా నింపవలెనని. ముప్ఫై రెండు మంచాలకు ఎంతమంది నర్సులు ఉండవలెనో అందులో లేదు. రెండోది, చిన్న సిస్టర్‌ని తిరిగి వార్డులోకి తీసుకోవడమైనదని. ఆమె తప్పు లేదని మాత్రం ఎక్కడా రాయలేదు. మూడోది, కొత్త ఎంక్వైరీ తేలేవరకూ పెద్ద సిస్టర్ బట్టల స్టోరు చూసుకోవలెనని. సర్టిఫికెట్టు మాట ఎవరూ ఎత్తలేదు. వార్డులో పాతవాళ్ళు ఆమెను చూసి మాటలు ఆపేశారు. అందరి గుట్టూ వీధిలో పెట్టిందని వాళ్ళ కోపం. తను నేర్పిన పిల్ల, పన్నెండో మంచానికి ఇరవై రాసిన పిల్ల, ఆమెను చూసి తల తిప్పుకుంది.

ఒంటిగంటన్నరకి ఆమె నేలమాళిగలోకి దిగింది. చిన్న సిస్టర్ యూనిఫాం వేసుకుని సిద్ధంగా ఉంది. రెండింటికి వార్డు డ్యూటీ. స్టోరు అప్పగించి పోవాలి. వార్డు అప్పగించినట్టే అప్పగించింది, ఒక్కొక్క అర దగ్గరా ఆగి. దుప్పట్లు ఇన్ని, చిరిగినవి పక్కన ఇన్ని, దిండు గలీబులు, థియేటరు తువ్వాళ్ళు, రబ్బరు షీట్లు. రక్తం మరకలు పోనివి ఈ మూటలో. లాండ్రీ బండి మూడింటికి వస్తుంది, వాడు ఎప్పుడూ రెండు తక్కువ తెస్తాడు, చూసి తీసుకోండి. తాళాలు ఇచ్చింది. పెద్ద సిస్టర్ వింటూ తలూపుతూ వెంట నడిచింది.

తాళాలు పిడికిట్లోకి తీసుకున్నాక, క్షమించు అనే మాట ఎలా మొదలుపెట్టాలో ఆమెకు తెలియలేదు. చిన్న సిస్టరే మాట్లాడింది.

"మీరు చెప్తారని చూశానక్కా. ఎంక్వైరీ గదిలోకి మిమ్మల్ని పిలిచినప్పుడు నేను బయట బెంచీ మీదే ఉన్నాను. ఇప్పుడు చెప్తారు అనుకున్నాను. తర్వాత ఒక వారం చూశాను. బుధవారం మీరు దుప్పటి పట్టుకున్నప్పుడు కూడా చూశాను."

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది పెద్ద సిస్టర్‌కి.

"భయమేసిందే," అంది.

"తెలుసక్కా. నాకూ వేసింది."

అంతే. ఆ పిల్ల పరవాలేదు అనలేదు. వాచీ చూసుకుని, జేబులో కలం ఉందో లేదో తడుముకుని, తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"పన్నెండో మంచం గుమాస్తా ఎలా ఉన్నాడు? ఆపరేషనై వార్డుకి వచ్చాడన్నారు."

బాగానే ఉన్నాడు అనే మాట పెద్ద సిస్టర్ నాలుక చివర సిద్ధంగా ఉంది. ఇరవై రెండేళ్ళుగా డ్యూటీ దిగేటప్పుడు ఆ మాటే చెప్పింది. నోరు తెరిచి, మూసుకుంది.

"తెలీదమ్మా," అంది. "నేను చూడలేదు."

చిన్న సిస్టర్ ఒక్క క్షణం ఆమెకేసి చూసి, తలూపి, మెట్లెక్కి వెళ్ళిపోయింది.